బీరువా వద్దు బిడ్డా

హన్మకొండ

బిడ్డా,

పిల్లల పుస్తకాలకు అద్దాల బీరువా చేయిస్తున్నామన్నావు, టేకు మంచిదా, ప్లైవుడ్ మంచిదా అని అడిగావు. రెండూ వద్దు. 1986లో నేనూ ఒకటి చేయించాను. తాళంచెవి నా దగ్గరే ఉండేది. పదో తరగతికి వచ్చేదాకా మీ అన్న అందులోంచి నాలుగు పుస్తకాలు కూడా తీయలేదు. ఓ వానాకాలం పోయాక తెరిచి చూస్తే, గోడవైపు వరసంతా చెదలు తినేశాయి.

చిన్నోడి ఛాతీ ఎత్తుకు మించకుండా రెండు అరలు కొట్టించు, గోడకు బెత్తెడు ఎడం ఉండాలి. వాడికింకా చదవడం రాదు కదా, అట్టమీది బొమ్మ కనబడేలా పుస్తకాలు నిలబెట్టు. పది పన్నెండు బయట ఉంటే చాలు. మిగతావి పెట్టెలో దాచి నెలకోసారి మార్చు. పెట్టెలోంచి వచ్చిన పాత పుస్తకాన్ని కూడా కొత్తదానిలాగే లాక్కుంటారు.

లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో సైన్సు 500ల్లో, సాహిత్యం 800ల్లో ఉంటుంది. ఇంట్లో అదంతా ఎందుకు? నువ్వు చదివి వినిపించేవాటికి ఎర్ర స్టిక్కర్, పెద్దపిల్ల సొంతంగా చదువుకునేవాటికి పచ్చది.

పాతవన్నీ తూకానికి వేయకు. తొమ్మిది గ్రహాలున్న పుస్తకం ఉంటే, 2006లో ప్లూటోను ఎందుకు తీసేశారో పెద్దదాన్నే కనుక్కుని పక్కన పెన్సిల్‌తో రాయమను. 2016కు ముందు అట్లాసు దొరికితే ఇంకా మంచిది. అందులో మన వరంగల్ ఒకటే జిల్లా. జనగామ, మహబూబాబాద్, ములుగు ఇప్పుడు ఎక్కడిదాకా వస్తాయో పెద్దదానితోనే గీతలు గీయించు. కానీ తప్పుల తడకగా అచ్చేసినవి, గైడ్లు మాత్రం నిర్మొహమాటంగా తీసెయ్యి. చుట్టాలిచ్చినవైనా సరే.

చిరుగుతాయి, టెన్షన్ పడకు. సెల్లోటేపు అతికించకు, కొన్నాళ్లకు పసుపెక్కి కాగితాన్ని పాడుచేస్తుంది. పల్చటి కాగితం, తెల్ల గమ్ము చాలు. కలరా ఉండలు అసలు వద్దు, చిన్నోడు నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ముసురు పోయాక పుస్తకాలు విప్పి నీడలో ఆరబెట్టు.

అరువు నోట్‌బుక్కు పెద్దదాని చేతికివ్వు. వాడకట్టు పిల్లలు తీసుకుపోతే పేరు, తేదీ అదే రాసుకుంటుంది. ఒకటీ అరా తిరిగి రావు, పోనీలే. ఆదివారం ఇద్దరినీ మన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి తీసుకురా. నిజాం కాలంలో, బడుల్లో ఉర్దూ నడిచే రోజుల్లో, 1904లో పెట్టిన లైబ్రరీ అది. అంతమంది చదివిన పుస్తకం ఎలా ఉంటుందో పట్టుకుని చూడనీ.

నా బీరువాలో చెదలు వదిలేసిన పిల్లల పత్రికల బైండ్లు మూడు పంపిస్తున్నాను. అవి ఆ అరల్లో కాకుండా, చిన్నోడి చేతికందని ఎత్తులో పెట్టు. వెనకట బైండింగ్ మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్లు, అది విషం, చిన్నోడేమో ఇంకా అట్టలు నాకుతున్నాడాయె.

నీ పెద్దబాపు