అడిగితే గంటసేపు చెబుతాడు, రాయమంటే రెండు ముక్కలే

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. గ్రహాల గురించో ఇంజన్ల గురించో అడిగితే గంటసేపు చెబుతాడు. స్కూల్లో మాత్రం నోట్సు సగంలో వదిలేస్తాడు, హోంవర్క్ మర్చిపోతాడు, తెలిసిన జవాబు కూడా పరీక్షలో రాయడు. ‘తెలివైనవాడే, కానీ ఒళ్లు వంచడు’ అంటున్నారు టీచర్లు. వాళ్ల నాన్న రోజూ కోప్పడుతున్నారు. నాలుగో తరగతి దాకా బాగానే చదివాడు. ఈ మధ్య పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. – ఒక తల్లి

జవాబు: మార్కుల కంటే ముందు ఆ కడుపునొప్పి సంగతి చూడండమ్మా. పిల్లల డాక్టరుకు చూపించండి. పరీక్షల్లో ఏమీ తేలకపోయినా నాటకమాడుతున్నాడని అనుకోవద్దు. స్కూలంటే ఉన్న భయం, దిగులు చాలామంది పిల్లల్లో కడుపునొప్పిగానే బయటపడతాయి. ఆ నొప్పి నిజంగా ఉంటుంది. సెలవు రోజుల్లో కూడా వస్తోందా, గమనించండి.

ఇక చదువు. జవాబు తెలియడం వేరు, గంట కొట్టేలోగా దాన్ని కాగితం మీద పెట్టడం వేరు. ప్రశ్న గుర్తుంచుకోవాలి, వాక్యం కూర్చుకోవాలి, చెయ్యి కదలాలి, వరండాలో చప్పుడైనా తల తిప్పకూడదు. అన్నీ ఒకేసారి జరగాలి. ఏడీహెచ్‌డీ అనే, ధ్యాస నిలవని, కుదురుగా ఉండలేని సమస్య ఉన్న పిల్లలూ, డిస్‌గ్రాఫియా అనే రాత ఇబ్బంది ఉన్న పిల్లలూ సరిగ్గా ఇక్కడే తడబడతారు, ఎంత తెలివైనవాళ్లైనా. అమెరికాలో 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, మెదడు పైపొర ఎదుగుదలలో ఒక దశకు మిగతా పిల్లలు సుమారు 7.5 ఏళ్లకు చేరుకుంటే, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు సుమారు 10.5 ఏళ్లకు చేరుకున్నారు. ఎదిగే తీరు ఒకటే, ఆలస్యంగా ఎదిగింది.

మరి నాలుగో తరగతి దాకా ఎలా నెట్టుకొచ్చాడు? చురుకైన పిల్లలకు ఒకసారి విన్నది గుర్తుండిపోతుంది, చిన్న తరగతుల్లో అది సరిపోతుంది. తర్వాత సబ్జెక్టుకో టీచరు, పెద్ద జవాబులు, ఎవరూ గుర్తుచేయని గడువులు వస్తాయి. అప్పటిదాకా తెలివి కప్పిపెట్టిన ఇబ్బంది బయటపడుతుంది. పాస్ మార్కులు వస్తూనే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, బద్ధకం అనేస్తారు. ‘ఇంత తెలివి పెట్టుకుని ఎందుకు రాయవు’ అన్న మాట మనకు మెచ్చుకోలులాగే ఉంటుంది. వాడికి మాత్రం ఆ ‘ఎందుకు’కు జవాబు తెలియదు. కొన్నాళ్లకు తన తెలివే అబద్ధమేమో అనుకుంటాడు. కొందరు మగపిల్లలు క్లాసులో అల్లరి మొదలుపెట్టేది కూడా అందుకే: మొద్దు అనిపించుకోవడం కంటే పోకిరి అనిపించుకోవడం వాళ్లకు నయమనిపిస్తుంది.

ఇంట్లో ఒక పని చేయండి. వాడికి బాగా తెలిసిన పాఠంలోంచి ఒక ప్రశ్న అడిగి, నోటితో చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి. మర్నాడు అదే జవాబు రాయమనండి. పక్కన కూర్చోండి, తొందరపెట్టకండి. చేతి నొప్పి అంటున్నాడా, పెన్సిల్ గట్టిగా నొక్కుతున్నాడా, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతున్నాడా, ఎంతసేపు పట్టింది? రాసిపెట్టుకోండి. వాళ్ల నాన్నగారిని కూడా పక్కన ఉండి చూడమనండి. నేను ఎంత చెప్పినా కలగని నమ్మకం ఆయనకు అక్కడ కలగొచ్చు.

ఉత్తరం చదివి ఫలానా సమస్య అని నేను చెప్పకూడదు. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించి, నిద్ర సరిపోతోందో లేదో చూడండి. తర్వాత పిల్లల సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. ఏడీహెచ్‌డీని రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో తేల్చరు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలయ్యాయా, ఇల్లు, స్కూలు రెండు చోట్లా కనిపిస్తున్నాయా అని అడుగుతారు. చదవడం, రాయడం విడిగా పరీక్షిస్తారు. మందులు అవసరమా అన్నది డాక్టరే నిర్ణయించాలి.

ఈలోగా టీచరును కలిసి, ‘కాస్త చూసుకోండి’ అని రాకండి. పనులు అడగండి: బోర్డు మీద ఉన్నదంతా ఎక్కించుకోనక్కర్లేకుండా చూడటం, పరీక్షలో కొంత అదనపు సమయం, కొన్ని జవాబులు నోటితో చెప్పనివ్వడం, సాయంత్రం డైరీ ఒకసారి చూడటం. ఇంట్లో శిక్షగా ఆ ఇంజన్ల పుస్తకాలు మాత్రం లాక్కోవద్దు. ‘నాకు వచ్చు’ అని వాడికి అనిపించే చోటు ప్రస్తుతం అదొక్కటే.

నిపుణుల దగ్గరికి ఎందుకు వెళ్తున్నారో బాబుకు ముందే చెప్పండి: ‘నీకు తెలిసినదంతా కాగితం మీదికి రావట్లేదు నాన్నా, ఎందుకో కనుక్కుందాం.’ వెళ్లేటప్పుడు ఆ రికార్డింగు, సగంలో వదిలేసిన నోట్సులు, రెండో తరగతి నుంచి ఉన్న ప్రోగ్రెస్ కార్డులు వెంట పట్టుకెళ్లండి.