గీత పొడవు కాదు, లోతు చూసి రేటు చెప్పాలి

ప్రశ్న: మాది తిరుపతి. మా అబ్బాయి ఆటోమొబైల్ డిప్లొమా చేసి, కార్లకు పాలిష్ పెట్టి మెరుగుదిద్దే ఒక డీటెయిలింగ్ దుకాణంలో రెండేళ్లు పనిచేసి, ఈ మధ్యే రేణిగుంట రోడ్డులో చిన్న షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. కారు పెయింటు మీద పడ్డ గీతలు పోగొట్టడంలో పనిమంతుడే కానీ రేటు చెప్పడం రాదు. ఒక ట్రావెల్స్ యజమాని దగ్గర 500 రూపాయలకు ఒప్పుకుని పూటంతా రుద్దాడు. చివరికి ఆయన ‘ఇంకా కనిపిస్తోంది’ అని గొడవ పెట్టుకుని వెళ్లాడు. మా బావమరిది కారు తలుపుకు మాత్రం 1,800 అడిగి మాకు తలవంపులు తెచ్చాడు. పెయింటు మీద రక్షణ పూతగా వేసే సిరామిక్ కోటింగ్ ఫ్రాంచైజీ తీసుకుంటే రేట్లన్నీ కంపెనీయే ఇస్తుందట. స్థలం అమ్మి అది ఇప్పించాలా, షోరూములో ఉద్యోగానికి పంపాలా? కనీసం ఒక ధరల పట్టికైనా రాసివ్వండి.
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీరు అడిగింది ధరల పట్టికే అయినా మీ భయం వేరు. డిప్లొమా చదివిన కొడుకు నలుగురి కళ్లముందు కార్లు తుడుస్తున్నాడు, చేసిన పనికి డబ్బు అడగడం కూడా చేతకావడం లేదు, రేపు వీడి బతుకేమిటి అన్నది మీ బెంగ. ఏసీ మెకానిక్కుల తండ్రులు, ఫొటోగ్రాఫర్ల తండ్రులు కూడా నాకు ఇదే ఉత్తరం రాస్తుంటారు. ఈసెట్ రాసి బీటెక్‌లో చేరే దారి మీకు తెలియంది కాదు కనుక దాని జోలికి పోను.

మీ అబ్బాయి చెప్పిన రెండు రేట్లలో పొరపాటు 500దే. 1,800 అడగడంలో నాకు తప్పేమీ కనిపించడం లేదు. ఎందుకో చెబుతాను.

కంపెనీ నుంచి వచ్చిన కారు మీద పెయింటు పొరలన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందమే ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో పైనుండే రంగులేని పొర, క్లియర్ కోట్, సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పలుచన. గీతను పూడ్చి మాయం చేస్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి గీత అడుగు అందేవరకు దాని చుట్టూ ఉన్న క్లియర్ కోటును కాంపౌండు అనే రాపిడి ముద్దతో అరగదీస్తారు. అరగదీసింది మళ్లీ రాదు. కనుక మీ వాడు అడిగే డబ్బులో చేతి కష్టంతో పాటు ఒకరి కారు మీద ఆ పలుచని పొరను ఖర్చుపెట్టే బాధ్యత కూడా ఉంది.

అందుకే ఫోనులో రేటు చెప్పకూడదు. కారు నీడలోకి రావాలి, శుభ్రంగా కడగాలి, లైటు ఏటవాలుగా వేసి చూడాలి. గీత మీద నీళ్లు చల్లితే కనిపించకుండా పోయి, ఆరగానే మళ్లీ తేలిందంటే అది చాలావరకు పైపొరలోదే, పాలిష్‌కు లొంగుతుంది. గోటిని గీతకు అడ్డంగా లాగినప్పుడు అందులో తగులుకుంటే పూర్తిగా పోతుందని మాట ఇవ్వకూడదు, ‘తగ్గుతుంది, జాడ మిగులుతుంది’ అని ముందే చెప్పాలి. అడుగున, రంగు కింద వేసే ప్రైమరో ఇనుమో కనిపిస్తే ఇక పెయింటర్ దగ్గరికి పంపాల్సిందే. ట్రావెల్స్ ఆయన కారుకు గోరు తట్టి ఉంటుంది, మీ వాడు మొహమాటంతో మాట ఇచ్చి ఉంటాడు. గొడవ 500 గురించి కాదు, ఇచ్చిన మాట గురించి.

పెయింటు మందం కొలిచే మీటరు కొనుక్కోమనండి. పాత కారు తలుపు మీద 250, 300 మైక్రాన్లు చూపిస్తే అది మళ్లీ పెయింటు వేసిన తలుపు, అక్కడ క్లియర్ కోట్ ఎంతుందో ఎవరికీ తెలియదు. అలాంటి దానికి జాగ్రత్త ఎక్కువ, రేటూ ఎక్కువ. మామూలు మీటర్లు ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయవు. తిరుమల పార్కింగులో తగిలించుకుని దిగే కార్లకు గీతలు ఎక్కువగా బంపర్ల మీదే ఉంటాయి కాబట్టి అక్కడ అనుభవమే దిక్కు.

ఇక లెక్క. అంకెలు ఉదాహరణకే. షెడ్డు అద్దె 12,000, కరెంటు, నీళ్లు 3,000, సహాయకుడి జీతం 15,000, మీ వాడి జీతం 25,000 అనుకుందాం. మొత్తం 55,000. నెలకు 200 గంటలు షెడ్డు తెరిచి ఉంచినా, డబ్బు వచ్చే పని 100 గంటలు దొరికితే మేలే. గంటకు 550 పడింది. ఒక తలుపుకు రెండున్నర గంటలు పడితే 1,375, ప్యాడ్లు, కాంపౌండుకు 150, మిషన్ల అరుగుదలకూ లాభానికీ కొంత. మీ బావమరిదిని అడిగిన 1,800 చూశారా? పిల్లవాడికి లెక్క వచ్చు. మొహమాటం పడకుండా నిలబడటమే ఇంకా రాలేదు. అవతలి కారు రంగు మన కారుకు అంటుకుంటే పది నిమిషాల్లో పోవచ్చు. తొందరగా అయిపోయిందని యాభై రూపాయలకు వదిలేయకుండా కనీస రుసుము ఒకటి పెట్టుకోమనండి.

ఇప్పుడు కాస్త గట్టిగానే అంటాను. ఆ మొహమాటం వాడికి నేర్పింది మీ ఇల్లే. బంధువుల కార్లు ఉచితంగా చేయాలన్నట్టు చూసి, వాడు నోరు తెరిచి రేటు అడిగితే తలవంపులంటారు. మళ్లీ మీరే రేటు చెప్పడం రాదని నాకు రాస్తారు. బావమరిదిగారి కారు మీద ముచ్చట ఉంటే ఆ 1,800 మీ జేబులోంచి ఇవ్వండి. వాడి కూలీని మీరు దానం చేయకండి.

ఫ్రాంచైజీ సంగతి. ఈ సిరామిక్ కోటింగ్ మోజు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ‘9హెచ్ గట్టిదనం’ అని బోర్డు మీద రాస్తారు. అది పెన్సిల్ ములికితో గీసి చూసే పరీక్ష, ఆ కొలతలో పైమెట్టు. తాళంచెవికీ కంకరరాయికీ ఆ మెట్టుతో పనిలేదు. కోటింగ్ వేస్తే నీళ్లు జారిపోతాయి, మురికి సులువుగా వదులుతుంది, మెరుపు నిలుస్తుంది. అది నిజమే, మంచిదే. కానీ ‘గీతలు పడవు’ అని అమ్మితే ఆరు నెలలకు కొత్త గీతతో వచ్చే మనిషికి జవాబు చెప్పాల్సింది కంపెనీ కాదు, మీ అబ్బాయి. బోరు నీళ్లతో కడిగి మన ఎండలో ఆరనిస్తే కోటింగ్ మీద కూడా ఉప్పు మరకలు కట్టుకుంటాయి. ఏళ్ల వారంటీ అని చెబుతారు, వేళకు సర్వీసుకు రాకపోతే చెల్లదనే షరతు లోపల ఉంటుంది.

ఇంకొకటి. గీతలున్న పెయింటు మీద కోటింగ్ వేస్తే ఆ గీతలు దాని కింద అలాగే ఉండిపోతాయి. ముందు పాలిష్ సరిగా చేయాలి. అంటే అసలు విద్య మీ వాడి చేతిలో ఇప్పటికే ఉంది. స్థలం అమ్మి కొనేది బోర్డు, సీసాలు, కొద్దిరోజుల శిక్షణ. రేట్లు కంపెనీ ఇస్తుందన్నారు. అద్దె, కరెంటు మాత్రం కంపెనీ కట్టదు. కోటింగ్ చేయొద్దనడం లేదు, అడిగిన వాళ్లకు సీసా కొని వేయవచ్చు. దాని కోసం స్థలం అమ్మకండి.

ఇన్సూరెన్సు లెక్క కూడా వాడికి రావాలి. ‘క్లెయిమ్ చేస్తే ఊరికే అవుతుంది కదా’ అని కస్టమర్లు అంటారు. ఏడాది క్లెయిమ్ లేకపోతే సొంత కారు నష్టానికి కట్టే (ఓన్ డ్యామేజ్) ప్రీమియంలో 20 శాతం, వరుసగా అయిదేళ్లు లేకపోతే 50 శాతం తగ్గింపు వస్తుంది. చిన్న గీతకు క్లెయిమ్ చేస్తే, ప్రత్యేక రక్షణ కొనుక్కోని పాలసీలో ఆ తగ్గింపు పోతుంది. పైగా తప్పనిసరిగా చేతి నుంచి పెట్టుకోవాల్సిన భాగం ఎలాగూ ఉంటుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే చాలామంది బేరం ఆపేస్తారు.

ఉద్యోగమా, షెడ్డా అని మీరు అడిగిన పోలిక చిన్నదే. షోరూము బాడీ షాపులో జీతం తక్కువైనా పీఎఫ్ ఉంటుంది, రంగు కలపడం, బూత్‌లో స్ప్రే చేయడం నేర్చుకోవచ్చు. శ్రీసిటీలో ఇసుజు వాహనాల కర్మాగారమే ఉంది, రేపు అవసరమైతే అలాంటి చోట ప్రయత్నించవచ్చు. షెడ్డు నిలబడకపోయినా వాడు వీధిన పడడు, పెయింటు తెలిసిన చేతికి మన దగ్గర పని ఉంటుంది. అందుకే ఏడాది పాటు షెడ్డునే సాగనివ్వమంటాను. మిషన్లకు డబ్బు చాలకపోతే ముద్ర రుణం అడగండి: శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తాకట్టు అక్కర్లేదు. ఏడాది రాబడి 20 లక్షలు దాటేవరకు సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ బెడద కూడా లేదు. ప్రతి కారుకూ పని ముందు, తర్వాత ఫొటో తీసి, పట్టిన గంటలు నోటుపుస్తకంలో రాయమనండి. మూడు నెలల్లో మీరడిగిన ధరల పట్టిక అందులోనే తయారవుతుంది. అప్పటిదాకా పాత కార్లు అమ్మే దుకాణాల వాళ్లకు అరువు ఇవ్వొద్దనండి.