బోటు నీ చేతికొచ్చిందట కదా!

చిరంజీవి అల్లుడికి,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. వేట నిషేధం ముగియగానే నువ్వు సరంగుగా, అంటే బోటుకి పెద్దగా, బోటు తీసుకెళ్తున్నావట. ఆ మాట చెబుతూనే ఏడ్చింది. నేను మాత్రం వీధిలో కనబడిన ప్రతివాడికీ చెప్పుకుని తిరిగాను. రాత్రి పడుకున్నాక పట్టుకుంది టెన్షన్. జూన్ 14తో నిషేధం అయిపోతుంది, ఆ తర్వాత తుపాన్ల అక్టోబరు రావడానికి ఎన్నాళ్లు పడుతుంది?

వారాల తరబడి బోటు మీదే తిండీ నిద్రా ఎలాగో నీకు నేను చెప్పక్కర్లేదు, కలాసీగా, సరంగు కింద పనివాడిగా చేసినవాడివి. లైఫ్ జాకెట్లు, మంచినీళ్లు, వీహెచ్‌ఎఫ్‌ రేడియోలో ఆపద కబురుకి 16వ చానల్, కోస్ట్‌గార్డ్ నంబరు 1554, అన్నీ తెలుసు. ఒక్క డీజిల్ ఫిల్టర్ సంగతి మాత్రం మర్చిపోకు. సముద్రం బాగున్నన్నాళ్లు ట్యాంకు అడుగున మడ్డి కదలకుండా ఉంటుంది. బోటు ఊగడం మొదలైతే అదంతా పైకి లేచి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. ఇంజను కావలసిన గంటలోనే ఆగిపోతుంది. బయల్దేరే ముందు ట్యాంకు కడిగించు, స్పేర్ ఫిల్టర్లు చేతికందేచోట పెట్టుకో. ఓనరు ఖర్చంటే నేనిస్తాను.

అల్పపీడనం అన్న మాట వినగానే దారి మళ్లించు. వాయుగుండం అయ్యాక చూద్దాంలే అనుకోకు. 1996 నవంబరు 6న కాకినాడ దిగువన తీరం దాటిన తుపాను ఎంతో పెద్దదేం కాదు, కానీ చాలా తొందరగా ముదిరింది. వేటలో ఉన్నవాళ్లకి కబురందించే దారి లేదు. ఆ తర్వాత జెట్టీ దగ్గర ఆడవాళ్లు ఎన్నాళ్లు కూర్చున్నారో నేను చూశాను, ఇక్కడ రాయను. మీకిప్పుడు ఇస్రో ట్రాన్స్‌పాండర్ ఉంది, ఉపగ్రహం నుంచి కబురందుకునే పెట్టె, నడిసముద్రంలోకి కూడా మెసేజ్ వస్తుంది. వచ్చిన మెసేజ్ చదువు మరి! గాలి లేకుండానే పెద్ద కెరటాలు ఎడం ఎడంగా వస్తుంటే, ఏ మెసేజూ రాకపోయినా అనుమానించు. గాలికి వీపు పెట్టి నిలబడితే గుండం నీ ఎడమచేతి వైపు ఉంటుంది. విశాఖే చేరాలని పంతం వద్దు. ఒడిశాలోని పారాదీప్ దగ్గరైతే పారాదీప్‌లోకే దూరు. ఎక్కడున్నావో మీ అమ్మకి మాత్రం చెప్పు.

హార్బర్లోకి వచ్చేశాక భయం తీరిందనుకుంటారు అందరూ. నా భయం అక్కడే మొదలవుతుంది.

మీ పెద్దమావయ్య కుడిచేతికి రెండు వేళ్లు లేవు కదా. సొరచేప కొరికిందని మీ పిల్లలందరికీ కథ చెప్పేవాడు. సొరచేపా లేదు, పాడూ లేదు. అది 2014 అక్టోబరు 12, హుద్‌హుద్‌ తుపాను రోజు. హెచ్చరికలు ముందే వచ్చాయి, బోట్లు వచ్చేసి విశాఖ హార్బర్లో పక్కపక్కనే కట్టేసి ఉన్నాయి. వాడి బోటును పొట్టి తాళ్లతో, కదలకుండా బిగించి కట్టారు. నీళ్లు పైకి లేస్తే బోటూ లేవాలి కదా? తాడు పొట్టిదైతే తాడైనా తెగుతుంది, కట్టిన దిమ్మైనా ఊడుతుంది. ఆ బోటు ఓనరు, పేరెందుకులే, వాణ్ని లోపలే ఉండి చూసుకోమన్నాడు. వీడు సరేనన్నాడు. సరంగు బోటు వదిలి వెళ్తే నలుగురిలో నామోషీ అట!

పొద్దుటినుంచి గాలి ఈశాన్యం వైపు నుంచి కొట్టింది. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయింది. మావాడు అయిపోయిందనుకున్నాడు. తుపాను కన్ను, గాలి ఉండని నడిమధ్య భాగం, సరిగ్గా నెత్తిమీద ఉందని తట్టలేదు. తాళ్లు వదులు చేద్దామని డెక్ మీదికొచ్చి, ఒక కాలు పక్కబోటు మీద వేసి ముడి విప్పుతున్నాడు. ఇంతలో గాలి తిరగబడింది, ఈసారి నైరుతి నుంచి. పక్కబోటు ఒక్క ఊపున జరిగింది, తాడు బిగిసింది. తాడుకీ కట్టుకొయ్యకీ మధ్య వీడి చెయ్యి ఉంది. కాలు కూడా జారి ఉంటే ఈ ఉత్తరంలో వేరే సంగతి రాయాల్సి వచ్చేది. ఫోన్లు లేవు, రోడ్ల నిండా చెట్లు. చేతికి లుంగీ చుట్టుకుని ఆస్పత్రికి నడిచివెళ్లాడు. అంత చేసినా బోటు దక్కలేదు, హార్బర్లోనే మునిగింది.

అందుకే చెబుతున్నాను, విను. గాలి రాకముందే తాళ్లు పొడవుగా వదిలి కట్టు, బోటుకీ బోటుకీ మధ్య టైర్లు వెయ్యి, వలలు కిందికి దించు, చేపల గది మూతలు బిగించు. గాలి రెండువైపుల నుంచీ వస్తుందని లెక్కేసుకుని కట్టు. తర్వాత నీ కలాసీలందరినీ తీసుకుని బోటు దిగు. వంటకుర్రాణ్ని కూడా, వాడు లోపల నిద్రపోతుంటే మర్చిపోతారు. ఆగినట్టుంది, ఓసారి చూసొస్తాననే మాట ఎవడినోటా రానివ్వకు. అంటే కొట్టు, నా పేరు చెప్పి కొట్టు.

ఒకవేళ సముద్రంలోనే దొరికిపోతే అణియం, అంటే బోటు ముందుకొన, కెరటానికి ఎదురుగా పెట్టి, ఇంజను నెమ్మదిగా నడుపుతూ నిలబడు. పక్కవాటున ఒక్క పెద్ద కెరటం తగిలినా తిరగబడిపోతావు. ఇంజను పోతే పాత వలను మోకుకి కట్టి అణియం నుంచి నీళ్లలోకి వదులు, అది లాగిపెట్టి ముఖం గాలివైపు నిలబెడుతుంది. వల పోతుందని చూడకు. నీ చిన్నప్పుడు తెగిన గాలిపటం కోసం ఉప్పుటేట్లో దూకావు చూడు, ఆ బుద్ధి ఇంకా పోయిందో లేదో నాకు నమ్మకం లేదు.

మీ అత్త ఆవకాయ పంపిస్తోంది. ప్లాస్టిక్ డబ్బాలోనే ఉంచు, సీసాలోకి మార్చకు.

బోటు దిగే విషయం ఓనరుతో బయల్దేరకముందే తేల్చుకో, తుపాను రోజున కాదు. ఒప్పుకోకపోతే నా నంబరివ్వు, నేను మాట్లాడతాను.

మీ మావయ్య