మొగుళ్లే పెత్తనం చేసేటప్పుడు మహిళా రిజర్వేషన్ ఎందుకు?

"సర్పంచ్ భార్య, పెత్తనం భర్తది. ఇంక అసెంబ్లీకి, పార్లమెంటుకు కూడా రిజర్వేషన్ వస్తే ఒరిగేదేముంది?" అని అడిగినారు. పెత్తనం మాట అబద్ధం కాదు. మా ఇంట్లోనే చూసినా.

మన రాష్ట్రంలో పంచాయతీల్లో ఆడవాళ్లకు సగం సీట్లని 2011లో చట్టం మార్చినారు. అంతకుముందు మూడో వంతే. 2013 ఎన్నికల్లో కళ్యాణదుర్గం పక్కన మా ఊరు మహిళకు పడింది. సర్పంచ్ అవ్వాలని ఎప్పట్నుంచో తిరుగుతున్న మా చిన్నాయన రెండు రోజులు సరిగా అన్నం తినలా. ముందు వాళ్ల వదినను నిలబెడదామనుకున్నాడు గానీ, ఆమెకు ముగ్గురు పిల్లలు. ఇద్దరికి మించి ఉంటే పోటీకి పనికిరారనే నిబంధన అప్పట్లో ఉండేది (2024లో ఎత్తేసినారు). అట్ల మా చిన్నమ్మ వంతొచ్చింది.

గెలిచినాక ఫ్లెక్సీల్లో చిన్నాయన బొమ్మ నిలువెత్తున, చిన్నమ్మది మూల తపాలా బిళ్లంత. మండలం ఆఫీసు లిస్టులో సర్పంచ్ ఫోన్ నంబరు కూడా ఆయనదే! ఇది చిన్నాయన ఒక్కడి తప్పేనా? "సర్పంచ్ గారా?" అని ఆఫీసు వాళ్లు ఫోన్ చేస్తే మగ గొంతు పలికేది, అవతల ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ఆ ఆఫీసు వాళ్లను ఎవరూ ఏమీ అనరు, మొగుణ్ణి మాత్రం తిడతారు.

గెలిచిన మూడో ఎండాకాలం. ఊరి బోరు మోటారు కాలిపోయింది. అనంతపురం జిల్లాలో ఏప్రిల్లో మోటారు కాలితే ఏమైతుందో తెలిసినోళ్లకు చెప్పాల్సిన పన్లేదు. తోటల్లో బోర్లున్నోళ్ల కాళ్లావేళ్లా పడి నీళ్లు మోసుకోవాల. పదకొండు రోజులు చిన్నమ్మ కూడా అందరితో పాటు ప్లాస్టిక్ బిందె చంకన పెట్టుకొని పోయింది. సర్పంచ్ అని ఎవరూ ముందుకు పిలవలేదు, పైగా నాలుగు మాటలన్నారు.

నెలాఖరుకు బిల్లు వచ్చింది. చిన్నాయన ఎప్పటిమాదిరే కాగితాలు పొయ్యి దగ్గరికి తెచ్చి, "ఈడ, ఈడ పెట్టు" అన్నాడు. నేను అరుగు మీద ఉండా. చిన్నమ్మ చదివింది ఐదో తరగతే, అయినా అంకెలు బాగా చూస్తుంది. ఆ బిల్లులో మోటారుకు వైండింగు మూడుసార్లు చేయించినట్టు రాసుండాది.

"మోటారు కాలింది ఒక్కసారే గదా?"

"అదంతా నీకెందుకు, పెట్టు."

"నీళ్లు మోసింది నువ్వా, నేనా?"

ఆ మాటకు చిన్నాయన దగ్గర జవాబు లేదు. ఆయన ఆ పదకొండు రోజుల్లో ఒక్క బిందె ఎత్తింటే కదా! వారం పైన ఇంట్లో మాటల్లేవు. ఆఖరికి ఒక్కసారికే బిల్లు రాసుకొచ్చినారు, సంతకం పెట్టింది. అంతటితో చిన్నమ్మ వీరనారి అయిపోలేదు, తర్వాత కూడా చాలావాటికి చదవకుండానే పెట్టింది. కానీ నీళ్ల బిల్లు వస్తే మాత్రం చిన్నాయన ముందే లెక్క సరిచూసుకొని తెచ్చేవాడు. అదే సీటు చిన్నాయనకు వచ్చింటే ఆ మూడు వైండింగులకూ డబ్బు కట్టేసేవాళ్లు. ఇది నాకు ఖాయం.

ఇప్పుడు సర్పంచులకు డిజిటల్ సంతకం కీలు, అంటే కంప్యూటర్‌కు తగిలిస్తే బిల్లు మీద సంతకం పడే పెన్‌డ్రైవు లాంటివి ఇచ్చినారు. మా పక్కూరి సర్పంచమ్మ కీ ఆమె కొడుకు చొక్కా జేబులో ఉంటుంది. కాగితమైతే ఆమె ముందుకు రావాల్సిందే, ఈ కీకి ఆ అక్కర కూడా లేదు. దీని గురించి ఎవరూ అడగరెందుకో.

ఇంక లోక్‌సభలో, అసెంబ్లీల్లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లని 2023లో పార్లమెంటు చేసిన చట్టం సంగతి. లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరే కాదన్నారు. అయితే జనగణన, ఆ తర్వాత సీట్ల పునర్విభజన (నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీయడం) జరిగితేనే అమలని చట్టంలోనే రాసిపెట్టుకున్నారు. పెళ్లికి అందరూ ఒప్పుకొని ముహూర్తం మాత్రం పెట్టనట్టుంది. అందులోనూ పునర్విభజన జరిగినప్పుడల్లా మహిళలకు కేటాయించిన సీట్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారతాయి. నాకు అసలు భయం ఈ మారడంతోనే.

ఎందుకంటే 2021లో మా ఊరు జనరల్‌కు పడింది. చిన్నాయన నిలబడినాడు. చిన్నమ్మ కరపత్రాలు పట్టుకొని ఆయనకు ఓట్లడుగుతూ ఇల్లిల్లూ తిరిగింది. ఎస్సీ కాలనీలో ఒక అవ్వ ఆమె చెయ్యి పట్టుకొని, "నువ్వు నిలబడలేదేంమే?" అనింది.

"ఈసారి జనరలంట గదవ్వా" అనింది చిన్నమ్మ, జనరల్ అంటే మగోళ్లదే అన్నట్టు.