నీ వాటా ఆరు మొక్కలు ఎవరికీ ఇవ్వకు

ప్రశ్న: అన్నా, హెచ్1బీ మీద డెన్వర్ వచ్చి మూడు నెలలైంది. ఇక్కడి అబ్బాయితో కలిసి అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. తను క్లాజెట్‌లో టెంట్ పెట్టి ఆరు గంజాయి మొక్కలు పెంచుతున్నాడు. "మనిషికి ఆరు లెక్క, ఇద్దరం ఉన్నాం కాబట్టి పన్నెండు వేసుకోవచ్చు, పని నేను నేర్పిస్తా" అంటున్నాడు. ఇక్కడ లీగలే కదా. నాకూ చిన్నప్పటి నుంచి మొక్కలంటే ఇష్టం. ఏమైనా ఇబ్బందా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఒక్క మొక్క కూడా వద్దు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

మీ రూమ్మేట్ నీతో అబద్ధం చెప్పలేదు. 2012 నవంబరులో మన డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్ర ఓటర్లు గంజాయిని చట్టబద్ధం చేసే 64వ సవరణను గెలిపించారు. 2014 జనవరి 1న గంజాయి దుకాణాలు తెరిచారు. 21 ఏళ్లు నిండినవాళ్లు మనిషికి ఆరు మొక్కలు పెంచుకోవచ్చు, వాటిలో ఒకేసారి పూతకు వచ్చినవి మూడుకు మించకూడదు. ఇంట్లో ఎంతమంది ఉన్నా పన్నెండు దాటకూడదు, మొక్కలు తాళం వేసిన చోట ఉండాలి. ఇదంతా రాష్ట్రం మాట. నీ వీసా ఇచ్చింది రాష్ట్రం కాదు. దాన్ని ఇచ్చేది, తీసేసేది ఫెడరల్ ప్రభుత్వం. 1970 నాటి ఫెడరల్ మాదకద్రవ్యాల చట్టం గంజాయి మొక్క నాటడాన్ని, పెంచడాన్ని కూడా తయారీ కిందే లెక్కగడుతుంది.

మనవాళ్లలో చాలామంది "పోలీసులు పట్టుకుంటే కదా" అనుకుంటారు. ఇమిగ్రేషన్ చట్టానికి కోర్టు శిక్ష అక్కర్లేదు, అరెస్టూ అక్కర్లేదు. మాదకద్రవ్యాల చట్టానికి విరుద్ధమైన పని చేశానని అధికారి ముందు నీ నోటితో ఒప్పుకున్నా నిన్ను దేశంలోకి రానివ్వకపోవచ్చు, గ్రీన్ కార్డు ఆపేయవచ్చు. 30 గ్రాముల లోపు సొంత వాడకానికి పెట్టుకుని ఒకే ఒక్కసారి దొరికినవాళ్ల కోసం చట్టంలో చిన్న సందు ఉంది. అది మొక్కలు పెంచినవాళ్ల కోసం పెట్టింది కాదు.

"గంజాయిని ఫెడరల్ జాబితాలో అన్నిటికంటే కఠినమైన షెడ్యూల్ 1 నుంచి 3కి మారుస్తారు, ఇక భయం లేదు" అనే మాట కూడా నీ చెవిన పడుతుంది. 3కి జరిగినా అది నియంత్రిత మందుల జాబితాలోనే ఉంటుంది. ఇమిగ్రేషన్ చట్టం చూసేది ఆ జాబితాలో ఉందా లేదా అన్నదే.

ఈ ప్రశ్న నిన్ను ఒక్కసారి అడిగి వదిలేయరు. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ కోసం హైదరాబాద్ వెళ్లే ముందు నింపే వీసా దరఖాస్తు డీఎస్-160లో, మాదకద్రవ్యాలకు సంబంధించిన ఏ చట్టాన్నైనా ఎప్పుడైనా ఉల్లంఘించావా అని ఉంటుంది. గ్రీన్ కార్డు మెడికల్‌లో డాక్టరు అడుగుతారు. సిటిజన్‌షిప్ ఫారంలో అడుగుతారు. రాష్ట్రంలో లీగల్ అయినా సరే, గంజాయి వ్యవహారం సిటిజన్‌షిప్‌కు చూపాల్సిన మంచి నడవడికకు అడ్డు రావచ్చని 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ శాఖ రాతపూర్వకంగానే చెప్పింది. ఇండియాలో పుట్టినవాళ్లకు ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ గ్రీన్ కార్డుల క్యూ ఎంత పొడుగో నీకు తెలుసు. ఈ రోజు సరదాగా వేసిన విత్తనానికి అన్నేళ్ల పాటు ప్రతి కిటికీ దగ్గరా జవాబు చెప్పుకుంటూ పోవాలి.

నాకు తెలిసిన ఒక అబ్బాయి, చాలా బుద్ధిమంతుడు, గ్రీన్ కార్డు మెడికల్‌లో డాక్టరు మామూలుగా అడిగితే "అవునండీ, ఈ మధ్య రెండు మూడుసార్లు తీసుకున్నాను, ఇక్కడ లీగలే కదా" అన్నాడు. డాక్టరు రాయాల్సింది రాశారు. ఏడాది పాటు వాడకుండా ఉండి, మళ్లీ పరీక్ష చేయించుకుని, లాయర్‌కు ఫీజు కట్టుకుని బయటపడ్డాడు. ఆ ఏడాదిలో వాళ్ల నాన్నగారికి ఆపరేషన్ అయింది. వెళ్తే తిరిగి రానిస్తారో లేదో అన్న టెన్షన్‌తో వెళ్లలేకపోయాడు. ఆ సాయంత్రాల్లో అతను మా వంటింట్లో కూర్చుని ఫోన్‌లో నాన్నతో మాట్లాడటం నేను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

అలాగని అబద్ధం ఆడమని కాదు. ఇమిగ్రేషన్ కాగితాల్లో అబద్ధం ఇంకో పెద్ద నేరం, దానికి గడువంటూ ఉండదు. ఇప్పటికే ఒకటో రెండో మొక్కలకు నీళ్లు పోసి ఉంటే, ఏ ఫారం మీదా సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలువు. ఫోన్‌లో మొక్కలతో దిగిన ఫొటోలు, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన మెసేజ్‌లు కూడా లెక్కలోకి వస్తాయి. ఎయిర్‌పోర్టులో అధికారులకు ఫోన్ తెరిచి చూసే అధికారం ఉంది.

మొక్కలంటే ఇష్టమన్నావు, అది నాకూ ఉన్న ఇష్టమే. మా పక్కింటి పెద్దాయన రిటైర్డ్ టీచర్, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. బేస్‌మెంట్‌లో నాలుగడుగుల టెంట్ పెట్టుకున్నాడు, ఒకసారి పిలిచి చూపించాడు. మొక్క ఎదిగేటప్పుడు రోజుకు 18 గంటల వెలుతురు, పూతకు మళ్లించడానికి 12 గంటల చీకటి. ఆ చీకట్లో జిప్పు సందులోంచి కాస్త వెలుగు పడినా పూత చెడుతుందట. మన చామంతిది కూడా ఇదే స్వభావం. చిక్కబళ్లాపురం వైపు చామంతి తోటల్లో రాత్రుళ్లు బల్బులు వెలిగించేది పూతను వెనక్కి నెట్టడానికే. అంత శ్రద్ధగా పెంచుతున్నా ఆ గోడ మూల తేమకు నల్లగా బూజు కట్టింది. కార్బన్ ఫిల్టర్ పెట్టినా వాసన మెట్ల దాకా వస్తోంది. ఇల్లు ఆయనది కాబట్టి చెల్లింది. అద్దె ఇంట్లో ఆ బూజు డబ్బు నీ డిపాజిట్‌లోంచే పోతుంది. కొలరాడోలో కూడా ఇంటి ఓనరు లీజులో గంజాయి పెంపకం వద్దని రాసుకోవచ్చు, మీ లీజు తీసి చదువు.

అదే లైటు, అదే టెంట్ కొనుక్కుని నేను కరివేపాకు పెంచుతున్నాను. డెన్వర్ చలికాలంలో కిటికీ దగ్గర పెడితే ఆకు రాల్చేసేది. లైటు కింద పెట్టాక జనవరిలో కూడా లేత చిగురు వేస్తోంది. మొక్కను ఇక్కడే కొనుక్కో. ఇండియా నుంచి పచ్చి ఆకు కూడా తేనివ్వరు, నిమ్మజాతి చెట్లకు తెగులు మోసుకొచ్చే పురుగు దాని మీద ఉంటుందని భయం.

రేపు ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్తే ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. న్యూజెర్సీలో దుకాణంలో కొనొచ్చు, ఇంట్లో మాత్రం ఒక్క మొక్క పెంచినా నేరమే. వాషింగ్టన్ రాష్ట్రంలోనూ సరదాకి పెంచడం కుదరదు. టెక్సస్‌లో అసలు లీగలే కాదు. డాలస్‌లో ఫ్రెండ్స్‌కని కారులో గమ్మీలు (గంజాయి కలిపిన మిఠాయిలు) తీసుకెళ్లడం, ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పడేసుకోవడం, ఈ రెండూ ఎప్పుడూ చేయకు. మన దేశంలో 1985 చట్టం కింద గంజాయి సాగుకే పదేళ్ల దాకా జైలు ఉంది.

ఇక మీ రూమ్మేట్ సంగతి. పన్నెండు మొక్కలు కావాలంటే ఆ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. అతనికి కావలసింది నీ పేరు మీద ఉన్న ఆ ఆరు. గొడవ పెట్టుకోకుండా, "నా వీసాకి ఇది కుదరదు" అని నెమ్మదిగా చెప్పు, ఇక్కడివాళ్లు ఆ మాట అర్థం చేసుకుంటారు. టెంట్ తన గదిలోనే, తాళం తన దగ్గరే ఉండాలి. తను ఊరెళ్లినప్పుడు కూడా నువ్వు నీళ్లు పోయకు. ఎరువులకీ లైట్లకీ డబ్బు పంచుకోకు, ఫోన్‌లో పంపిన డబ్బుకి రికార్డు ఉంటుంది. వీలైనంత త్వరలో వేరే ఇల్లు చూసుకుంటే ఇంకా మంచిది. గది దొరికేదాకా ఇబ్బందైతే రాయి, అరోరా వైపు మనవాళ్లను అడిగి చూస్తాను.