దేవుడి మీద కోపం వస్తే పాపమా?

ప్రశ్న: అక్కా, మాది జడ్చర్ల దగ్గర ఒక ఊరు. మా ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. గుండెపోటు, ఆయనకు నలభై మూడేళ్లే. కిరాణా షాపు, ఇద్దరు పిల్లలు, మూడు లక్షల అప్పు మిగిలాయి. పెళ్లయిన దగ్గర్నుంచి పొద్దున దీపం పెట్టకుండా టీ కూడా తాగేదాన్ని కాదు. అట్లాంటిది దినాలైపోయాక దీపం కుందులు కడిగి, పేపర్లో చుట్టి అటక మీద పెట్టేశాను. దేవుడి ఫొటో చూస్తే ఏడుపు కాదు, కోపం వస్తోంది. అట్లా అనుకుంటే పిల్లలకు తగులుతుందని పక్కింటామె అన్నది, అప్పట్నుంచి ఇంకా టెన్షన్. మా తమ్ముడు షాపులో కూర్చుంటానంటున్నాడు గానీ పుట్టింటివాళ్ల మీద భారం వేయడం నాకిష్టం లేదు. నాకు మళ్లీ ధైర్యం ఎట్లా వస్తుంది?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ పక్కింటామె మాట మనసులోంచి తీసేయండి. మీ కోపం పిల్లలకు తగలదు.

కంచర్ల గోపన్న, అదే మన భద్రాచలం రామదాసు, గోల్కొండ బందీఖానాలో పన్నెండేళ్లు ఉన్నాడని చెప్పుకుంటాం కదా, ఆయన అక్కడ రాముణ్ణి పొగుడుతూ మాత్రమే కూర్చోలేదు. సీతమ్మకు చింతాకు పతకం చేయించానే, నీకిది చేయించానే అని లెక్క చెప్పి, ఎవడి సొమ్మనుకుని కులుకుతున్నావని నిలదీశాడు. అదే కీర్తనలో చివరికొచ్చేసరికి, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, ఏమనుకోకు అన్నాడు. ఆ తిట్లను మనం ఇప్పటికీ గుళ్లో కూర్చుని పాడుకుంటున్నాం. లేడనుకున్నవాడి మీద ఎవరికీ కోపం రాదు. ఫొటో చూడగానే మీకు కోపం వస్తోందంటే దేవుడితో మీ మాటలు ఇంకా తెగిపోలేదన్నమాటే.

ఇక ధైర్యం సంగతి. మీది పాలమూరు జిల్లానే కాబట్టి పిల్లలమర్రి చూసే ఉంటారు, స్కూల్ పిక్నిక్‌కైనా వెళ్లి ఉంటారు. ఏడు వందల ఏళ్లు దాటిందనే ఆ చెట్టుకు 2017 చివర్లో చెదలు పట్టి ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. వెంటనే సందర్శకులను ఆపేశారు. మొదట ఎక్కించిన మందు లోపల నిలవలేదు. అప్పుడు ఆస్పత్రిలో మనిషికి పెట్టినట్టే కొమ్మలకు వరసగా సెలైన్ సీసాలు కట్టి, నీళ్లు కలిపిన పురుగుమందును చుక్క చుక్కగా ఎక్కించారు. బరువు ఆగని కొమ్మల కింద ఆసరాలు కట్టారు. అంతటి చెట్టు కూడా కొన్నాళ్లు గేటు మూసుకుని, తన బరువు ఇంకొకరు మోస్తే బతికింది! ఇప్పుడు మళ్లీ జనం వెళ్లి చూస్తున్నారు.

నాకు మర్రిలో అన్నిటికంటే ఇష్టమైనవి ఊడలు. ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. గాలిలో వేలాడుతున్నంతసేపు ఊడ సన్నగా, తాడులా ఉంటుంది. ఒక్కసారి నేలను అందుకుందంటే లావెక్కి చివరికి మానులా తయారవుతుంది. హౌరా బొటానికల్ గార్డెన్‌లోని పెద్ద మర్రికైతే అసలు మొదలే లేదు. తుపాన్లకు దెబ్బతిని, బూజు పట్టి కుళ్లిపోతే 1925లో తీసేశారు. వందేళ్లవుతున్నా చెట్టు అట్లాగే పెరుగుతోంది, ఊడల మీదే. మీ ఇంటికి మొదలు ఆయనే, కాదనను, ఆ చోటు ఎప్పటికీ ఖాళీయే. కానీ తమ్ముణ్ణి రానివ్వండి. అది భారం వేయడం కాదు. అతను షాపులో కూర్చున్న రెండు గంటలు మీరు పడుకోండి.

నిద్ర పట్టక నెలలైపోతుంటే, బతకడం దేనికి అనిపిస్తుంటే మాత్రం గుడికీ చెట్టుకీ ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకో మాట, ఇది అప్పు గురించి. మీ ఆయన బ్యాంకు పాస్‌బుక్ తీసి, ఆయన పోవడానికి ముందు ఏడాదిలో 436 రూపాయలు కట్ అయ్యాయేమో చూడండి. అయితే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం కావచ్చు, ఆ బీమా రెండు లక్షలు. చాలామంది ఇళ్లలో కట్టిన సంగతే ఎవరికీ తెలియదు. ఆలస్యమైందని ఊరుకోకుండా మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుని బ్యాంకుకు వెళ్లి అడగండి, తమ్ముణ్ణి వెంట తీసుకెళ్లండి.

కుందులు అటక మీదే ఉండనీయండి, తొందరేం లేదు. ఈలోపు ఏదో ఒక పొద్దున, టీ పెట్టుకుని ఆ దేవుడి ఫొటో ముందే కూర్చుని, ఆయన్ని ఏమేం తిట్టాలనుకుంటున్నారో అన్నీ పైకే తిట్టేయండి. పిల్లలు స్కూలుకెళ్లాక.