డెస్క్‌టాప్ ఒకసారి ఆన్ అయి ఇంకోసారి అవ్వకపోతే ఏం చూడాలి?

పొద్దున నాలుగైదుసార్లు బటన్ నొక్కితే గానీ ఆన్ అవ్వదు, తర్వాత రోజంతా బాగానే నడుస్తుంది అంటున్నారు కాబట్టి నా అనుమానం ముందు ఎస్ఎంపీఎస్ మీదే, అంటే కంప్యూటర్‌కి కరెంట్ అందించే పవర్ సప్లై డబ్బా మీదే. పాతబడే కొద్దీ అందులోని కెపాసిటర్లు (కరెంట్‌ని కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగాలు) బలహీనపడతాయి, చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పనిచేయవు, కాస్త వేడెక్కాక దారికొస్తాయి. తెలిసినవాళ్ల దగ్గర మంచిది ఒకటి తెచ్చి రెండు రోజులు పెట్టి చూడండి, మల్టీమీటర్‌తో కొలవడం కన్నా ఇదే నమ్మకం, ఎందుకంటే లోడ్ లేనప్పుడు, అంటే దాని నుంచి ఏదీ కరెంట్ లాగనప్పుడు, పాడైనది కూడా 12 వోల్టులు చూపించొచ్చు. ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం దయచేసి విప్పకండి, ప్లగ్ తీసినా లోపల ప్రమాదకరమైన వోల్టేజ్ నిలిచి ఉంటుంది.

ఫ్యాన్ తిరుగుతూ డిస్‌ప్లే రాకపోతే సంగతి వేరు. కరెంట్ ఆపేసి ర్యామ్ తీసి, బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టండి. తేదీ, టైమ్ కూడా మారిపోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ (నాణెంలా ఉండే చిన్న బ్యాటరీ) మార్చండి.